రీసేల్ ఇల్లు కొంటున్నారా? నీళ్ల విషయంలో నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

హైదరాబాద్‌లో 22 ఏళ్లుగా ప్లంబింగ్ పనిలో ఉన్నాను. ఈ మధ్య పాత ఇల్లో, రీసేల్ ఫ్లాటో కొనేవాళ్లు కొందరు అడ్వాన్స్ ఇచ్చేముందే "అన్నా, ఒకసారి వచ్చి నీళ్ల లైన్లు చూసిపో" అని పిలుస్తున్నారు. మంచి పని చేస్తున్నారు. కానీ ఎక్కువమంది నన్ను పిలిచేది గృహప్రవేశం అయ్యాక, అప్పటికి రిజిస్ట్రేషన్ అయిపోయి ఉంటుంది, రేటు తగ్గించమని అడిగే వీలూ పోయి ఉంటుంది. కాగితాలు లాయరుకి చూపిస్తారు, వాస్తు పంతులుగారికి చూపిస్తారు, సంపు (నేలలో కట్టిన నీళ్ల తొట్టి) మూత మాత్రం ఎవరూ ఎత్తి చూడరు. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: ట్యాప్ తిప్పాం, ధారగా వచ్చింది, ఇంక చూసేదేముంది?

వాస్తవం: ఆ ధార పైన ట్యాంకులో నిన్న ఎక్కించిన నీళ్లది. దాన్నిబట్టి సంపు గురించి, బోరు గురించి, గోడలోపలి పైపుల గురించి ఏమీ తెలియదు. కిచెన్ ట్యాప్, బాత్రూమ్ ట్యాప్ రెండూ తిప్పి పెట్టి ఫ్లష్ కూడా నొక్కండి, అప్పుడు ధార ఎంత సన్నబడుతుందో చూడండి. వేడినీళ్ల ట్యాప్ ధార చన్నీళ్ల ధార కంటే బాగా తక్కువగా ఉంటే గీజరులోనో ఆ లైన్లోనో సున్నం పేరుకుందని అనుమానించాలి, మన బోరు నీళ్లకి ఇది మామూలే.

కొత్త టైల్స్, తళతళలాడే ట్యాపులు చూసి మోసపోకండి. పోయిన ఏడాది మల్కాజిగిరిలో ఒక ఇంట్లో గోడ పగలగొట్టి పాత జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) ముక్క కోసి తీశాను. బయట చూస్తే ముప్పావు అంగుళం పైపు, లోపల తుప్పు గడ్డలు గడ్డలుగా పట్టి నీళ్లు పోయే దారి పెన్సిల్ దూరేంతే మిగిలింది. పైన బిగించిన ట్యాప్ మాత్రం కొత్తది, స్టిక్కర్ కూడా తీయలేదు. ట్యాప్ మూతికి ఉండే జాలీ విప్పి అరచేతిలో దులిపి చూడండి. ఎర్రటి పెచ్చులు రాలితే తుప్పు, తెల్లటి రవ్వ రాలితే సున్నం.

ఇంకొకటి. రాత్రంతా వాడని ట్యాప్‌లోంచి పొద్దున్నే మొదటి మగ్గు పట్టండి. పట్టగానే ఎర్రగా ఉండి కాసేపటికి తేటబడితే తప్పు పైపులది. పట్టినప్పుడు తేటగా ఉండి, బకెట్లో గంట నిలవగానే ఎర్రబడితే బోరు నీళ్లలోనే ఇనుము ఉంది. మొదటిదానికి పైపులు మార్చాలి, రెండోదానికి ఫిల్టర్ పెట్టాలి, ఖర్చులు వేరు.

అపోహ: సంపు నిండుగా ఉంది, లీకేజీ లేదు.

వాస్తవం: నన్నడిగితే ఇల్లు మొత్తంలో ముందు చూడాల్సింది సంపే. నిండుగా ఉండటం కాదు, ఒక రాత్రి గడిచాక ఎంత ఉందన్నది లెక్క. సాయంత్రం సంపు నింపించి, మోటరు ఆపించి, లోపలికి వచ్చే వాల్వ్ కట్టేయించి, నీళ్ల మట్టం దగ్గర గోడమీద సుద్దతో గీత గీయండి, పొద్దున్నే వెళ్లి చూడండి. 6 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉన్న సంపులో ఒక్క అంగుళం తగ్గిందంటే దాదాపు 70 లీటర్లు భూమిలోకి పోయినట్టు.

తగ్గడం కంటే ప్రమాదం పెరగడం. మూడేళ్ల కింద కాప్రా వైపు ఒక ఇండిపెండెంట్ ఇల్లు చూడటానికి భార్యాభర్తలిద్దరూ నన్ను తీసుకెళ్లారు. బ్రోకరు ఒకటే తొందరపెడుతున్నాడు, ఇంకో పార్టీ రెడీగా ఉందని. నేను సంపు సగానికి తోడించి, సాయంత్రం 6 గంటలకి గీత గీశాను. ఆ రాత్రి నల్లా రాలేదు, వాల్వ్ కూడా కట్టే ఉంది. పొద్దున 7 గంటలకి మూత ఎత్తితే గీత కనబడలేదు. ఆమె నా పక్కనే కూర్చుని, టార్చి వేసి, "అన్నా, గీత మునిగిపోయింది" అంది. రెండు వేళ్ల మందం నీళ్లు పెరిగాయి. డ్రైనేజీ చాంబర్ అక్కడికి నాలుగు అడుగుల దూరంలో ఉంది. అనుమానం తీరడానికి చాంబర్లో రంగు కలిపి పోశాం, మర్నాటికి సంపు మూల గోడమీద గులాబీ చార దిగింది. ఇల్లమ్మే ఆయనకి కూడా ఈ సంగతి తెలియదు, పిల్లలకి తరచూ కడుపునొప్పి వస్తోందని చెప్పేవాడట, ఆర్వో పెట్టుకున్నాం కదా అని ఊరుకున్నాడు. పళ్లు తోమేది, గిన్నెలు కడిగేది సంపు నీళ్లతోనే కదా. చివరికి ఆ సంపు మూసేసి, ఇంటికి ఇంకోవైపు కొత్తది కట్టించి ఇచ్చాకే వీళ్లు రిజిస్ట్రేషన్‌కి వెళ్లారు.

కాబట్టి గీత రెండుసార్లు గీయాలి, నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, సగం ఉన్నప్పుడు ఒకసారి. నిండుగా ఉన్న సంపులో బయటి నీళ్లు లోపలికి రావడం కనబడదు.

అపోహ: బోరు ఫుల్లుగా పోస్తోంది, పక్కింట్లో కూడా బాగా పడింది.

వాస్తవం: ఐదు నిమిషాలు మోటరు వేసి చూపిస్తే నమ్మకండి. 6.5 అంగుళాల బోరులో ఒక్కో అడుగుకి సుమారు 6.5 లీటర్ల నీళ్లు నిలిచి ఉంటాయి. మోటరు పైన 150 అడుగుల నీళ్లు నిలిచి ఉంటే అవే దగ్గర దగ్గర 1000 లీటర్లు. నిమిషానికి 50 లీటర్లు తోడే మోటరైతే మొదటి 20 నిమిషాలు వచ్చేవి ఎక్కువగా ఆ నిలవ నీళ్లే, ఊటలోంచి కొత్తగా ఏం వస్తోందో ఆ తర్వాతే తెలుస్తుంది. కనీసం గంటసేపు నడిపించండి, బకెట్ నిండటానికి ఎంతసేపు పడుతోందో మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చూసుకోండి. ధార దగ్గినట్టుగా గాలితో కలిసి వస్తే వెంటనే ఆపించాలి, లేకపోతే మోటరు కాలిపోయి ఆ గొడవ మీ మెడకి చుట్టుకుంటుంది.

పక్కింటి బోరుని చూసి ధైర్యం తెచ్చుకోవడం కూడా పనికిరాదు. మనది గ్రానైట్ నేల, నీళ్లు ఉండేది రాతి పగుళ్లలో. ఆ పగులు వాళ్ల బోరుకి తగిలి మీ బోరుకి తగలకపోవచ్చు. వానలు పడ్డాక అక్టోబరులో చూసే ఇంటికి ఏప్రిల్, మే సంగతి విడిగా అడిగి తెలుసుకోవాలి. 2024 ఎండాకాలంలో ట్యాంకర్ల కోసం జనం ఎంత తిప్పలు పడ్డారో మనందరికీ గుర్తే. ఫ్లాట్ అయితే అసోసియేషన్ లెక్కల పుస్తకం అడగండి, మార్చి నుంచి జూన్ దాకా ట్యాంకర్లకి ఎంత కట్టారో అందులో ఉంటుంది. పుస్తకం చూపించకపోతే వాచ్‌మన్‌ని అడగండి, సంపులోకి ట్యాంకరు పైపు వేసేది ఆయనే.

అపోహ: టీడీఎస్ పెన్ పెడితే నీళ్లు మంచివో కావో తేలిపోతుంది.

వాస్తవం: అది నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో ఒక అంచనా చెబుతుంది, అంతే. బ్యాక్టీరియా, ఫ్లోరైడ్, నైట్రేట్ దానికి తెలియవు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం తాగేనీళ్లలో టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేకపోతే 2000 దాకా సరిపెట్టుకోవచ్చు. ఫ్లోరైడ్‌కి ఆ హద్దులు 1, 1.5 మిల్లీగ్రాములు. నైట్రేట్‌కి 45, అందులో సడలింపు లేదు. ఫ్లోరైడ్, నైట్రేట్ మరిగిస్తే పోవు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడతాయి. ల్యాబ్ టెస్టు చేయించండి, బ్యాక్టీరియాకి అయితే ల్యాబ్ వాళ్లిచ్చే స్టెరిలైజ్ చేసిన సీసాలోనే పట్టాలి, ఇంట్లో ఉన్న కూల్‌డ్రింక్ సీసాలో కాదు.

పెన్ పనికొచ్చేచోటు ఒకటుంది. "కిచెన్‌లో మంజీరా, బాత్రూముల్లో బోరు" అని ఫ్లాట్ అమ్మేవాళ్లు చెబుతారు కదా (కృష్ణా, గోదావరి వచ్చినా మనకి నల్లా నీళ్లంటే మంజీరానే), రెండు ట్యాపుల్లోనూ పెన్ పెట్టండి. అంకె ఇంచుమించు ఒకటే వస్తే రెండూ ఒకే సంపులో కలుస్తున్నాయేమో గట్టిగా అడగండి.

అపోహ: నల్లా నీళ్లు క్లోరిన్ వాసన వస్తే మంచివి కావు.

వాస్తవం: కొంచెం వాసన ఉండటమే మేలు, మందు ఇంకా పనిచేస్తోందని అర్థం. ఎప్పుడూ వచ్చే వాసన ఒకరోజు అసలు రాకపోతేనే నాకు టెన్షన్.

అపోహ: నల్లా లైనుకి మోటరు ఉంది, ప్రెషర్ బాధ లేదు.

వాస్తవం: నల్లాకి నేరుగా మోటరు పెట్టడం నేరం, జలమండలి వాళ్లు పట్టుకుంటే మోటరు తీసుకెళ్లి జరిమానా వేస్తారు. అంతకంటే ముఖ్యం, ఆ మోటరు గుంజేటప్పుడు వీధిలో పైపుకి ఎక్కడ చిల్లు ఉంటే అక్కడి మురుగు కూడా లోపలికి వస్తుంది. మోటరు లేకుండా, నీళ్లు వదిలే టైముకి వెళ్లి సంపులోకి ఎంత పడుతోందో చూడండి.

అపోహ: నల్లా నీళ్లు నెలకి 20 వేల లీటర్లు ఫ్రీ, ఇంక బిల్లు గొడవే లేదు.

వాస్తవం: 2021లో మొదలైన ఈ స్కీముకి మీటరు పనిచేయాలి, క్యాన్ నంబరుకి (నీళ్ల బిల్లు మీద ఉండే కస్టమర్ అకౌంట్ నంబరు) ఆధార్ లింక్ అయి ఉండాలి. 20 వేలంటే రోజుకి 666 లీటర్లు, మనిషికి 135 లెక్కన ఐదుగురికి కూడా కొంచెం తక్కువే. పాత ఓనరు బాకీ ఉంటే అది కనెక్షన్ మీదే కనబడుతుంది, కాబట్టి క్యాన్ నంబరు తీసుకుని బకాయి ఎంతుందో అడ్వాన్సుకి ముందే చూడండి. మీటరు దగ్గర ఇంకో పని. నీళ్లు వచ్చే టైములో సంపు బాల్ వాల్వ్ పైకెత్తి కట్టేసి, నల్లా లైను మీద ఉన్న ట్యాపులన్నీ ఆపించి, మీటరు చూడండి. ముల్లు తిరుగుతూనే ఉంటే మీటరుకీ సంపుకీ మధ్య పైపు భూమిలో కారుతోంది, తవ్వకుండా బయటపడదు.

ల్యాబ్ రిపోర్టు పక్కన పెడితే వీటన్నిటికీ రెండు సాయంత్రాలు, రెండు పొద్దునలు చాలు. ఓనరుని రెండు రాత్రుల గడువు మర్యాదగానే అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే అగ్రిమెంటులో సంపు, బోరు, నల్లా బకాయిల గురించి ఒక్కో లైను రాయించుకుని, ఆ తర్వాతే డబ్బులు ఇవ్వండి.