సల్ఫేట్ చార్జి, పేర్లు: క్లాసులో రోజూ వినే అపోహలు

అపోహ: సల్ఫేట్‌లోని మైనస్ 2 చార్జి సల్ఫర్‌ది.

వాస్తవం: కాదు, మొత్తం గుంపుది. ఒక సల్ఫర్, నాలుగు ఆక్సిజన్లు కలిసి ఒకే అయాన్, అంటే చార్జి ఉన్న ఒకే కణం. ఆక్సీకరణ సంఖ్యలు (ఒక్కో పరమాణువుకి లెక్క కోసం ఇచ్చే చార్జి) వేసి చూడండి: సల్ఫర్ ఏకంగా ప్లస్ 6, నాలుగు ఆక్సిజన్లకు కలిపి మైనస్ 8. మిగిలేది మైనస్ 2. సల్ఫైడ్‌లో మాత్రం సల్ఫర్ ఒంటరిది, అక్కడ మైనస్ 2 నిజంగా దానిదే. పిల్లలు ఈ రెండింటినీ కలిపేసుకుంటారు.

అపోహ: వేలెన్సీలు (చార్జి అంకెలు) అడ్డంగా మార్చి, ఒకదాని అంకె రెండోదాని కింద రాసేస్తే ఫార్ములా వచ్చేసినట్టే.

వాస్తవం: అల్యూమినియం సల్ఫేట్‌కి సరిపోతుంది. అల్యూమినియంలు రెండు, సల్ఫేట్లు మూడు. ప్లస్ 6కి మైనస్ 6 చెల్లు. మెగ్నీషియంకి అదే చేస్తే రెండుకి రెండు వస్తుంది, దాన్ని ఒకటికి ఒకటిగా కుదించాలి. ఇక బ్రాకెట్ సంగతి. అల్యూమినియం సల్ఫేట్‌లో సల్ఫేట్ చుట్టూ బ్రాకెట్ పెట్టకుండా ఆక్సిజన్ కింది 4 పక్కనే 3 రాస్తే, పాపం, సల్ఫర్‌కి 43 ఆక్సిజన్లు తగులుకుంటాయి! పేపర్లు దిద్దేవాళ్లకు ఇది బాగా పరిచయం.

అపోహ: ఐరన్ పక్కన రోమన్ అంకె ఐరన్లు ఎన్నో చెబుతుంది.

వాస్తవం: అది ఐరన్ చార్జి. రోమన్ రెండు ఉంటే ఐరన్ ఒకటి, సల్ఫేట్ ఒకటి. రోమన్ మూడు ఉంటే ఐరన్లు రెండు, సల్ఫేట్లు మూడు. వీటి పాత పేర్లు వరుసగా ఫెర్రస్, ఫెర్రిక్. మనవాళ్ల అన్నభేది ఫెర్రస్ సల్ఫేటే. దాని లేతాకుపచ్చ పలుకుల్ని తడిగాలికి వదిలేస్తే పైన పసుపు, గోధుమ రంగు పూత పడుతుంది. అక్కడ ఐరన్ ప్లస్ 2 నుంచి ప్లస్ 3కి వెళ్లింది. సల్ఫేట్ చార్జి కదల్లేదు. వరి పొలాల్లో వేసే జింక్ సల్ఫేట్‌కి ఈ అంకె గొడవే లేదు, జింక్ అయాన్ చార్జి ఎప్పుడూ ప్లస్ 2.

అపోహ: సల్ఫేట్, సల్ఫైట్ (ఆక్సిజన్లు మూడే ఉన్నది), సల్ఫైడ్ మూడూ మైనస్ 2, ఏది రాసినా ఒకటే.

వాస్తవం: చార్జి ఒకటే, పదార్థాలు వేరు. బేరియం సల్ఫేట్‌ని జీర్ణకోశం ఎక్స్‌రేకి ముందు రోగి చేత తాగిస్తారు. అది నీళ్లలోనే కాదు, కడుపులోని ఆమ్లంలోనూ దాదాపు కరగదు, అందుకే బేరియం రక్తంలోకి పోదు. బేరియం సల్ఫైడ్ అదే ఆమ్లంలో కరిగి విషపు బేరియం అయాన్లను వదులుతుంది. ఒక్క అక్షరానికి మార్కులు కోస్తే అలిగే పిల్లలకు నేను చెప్పేది ఇదే.

అపోహ: సల్ఫేట్‌కి ఒక హైడ్రోజన్ చేరినా చార్జి మారదు.

వాస్తవం: మారుతుంది, మైనస్ 1 అవుతుంది. అందుకే సోడియం సల్ఫేట్‌లో సోడియంలు రెండు, సోడియం హైడ్రోజన్ సల్ఫేట్‌లో ఒకటే.