అలిపిరి దాటిన మసి

చిత్తూరు దగ్గరి ఒక పల్లెలో, బెల్లం వండే గానుగకు నాలుగిళ్ల అవతల ఉండే ఆరు నెలల గర్భిణి ఈ మధ్య నన్నొక ప్రశ్న అడిగింది: "సార్, గానుగ పొగ నేను పీలిస్తే బిడ్డకూ పోతుందా?" పొయ్యిలోకి ఎండు చెరుకు పిప్పి తోసినప్పుడల్లా ఆమె దండెం మీది తెల్ల తువ్వాలుపై నల్లటి నలుసులు వాలుతుంటాయి. కంటికి ఆనే ఆ నలుసులు చాలావరకు ముక్కులోనే ఆగిపోతాయి. వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు, అంటే 2.5 మైక్రాన్ల లోపు రేణువులు మాత్రం ఊపిరితిత్తుల చివరిదాకా వెళ్తాయి; వాటిలో అతి సూక్ష్మమైనవి రక్తంలోకి జారుకుంటాయి.

ఆపైన బిడ్డకు అడ్డుగా ఉండేది మాయ, అంటే గర్భంలో తల్లినీ బిడ్డనూ కలిపే ప్లాసెంటా. దీన్ని అలిపిరి తనిఖీ కేంద్రంతో పోల్చుకోవచ్చు. కొండకు వెళ్లే ప్రతి బండినీ అక్కడ ఆపి చూసినట్టే, మాయ ఆక్సిజన్‌నూ గ్లూకోజునూ పోనిచ్చి, చాలా సూక్ష్మజీవులను ఆపేస్తుంది. తల్లి రక్తంలో రోగాలతో పోరాడే ఐజీజీ అనే రకం ప్రతిరక్షకాలకైతే (యాంటీబాడీలకైతే) ప్రత్యేక మర్యాద: ఎఫ్‌సీఆర్‌ఎన్ అనే గ్రాహకం వాటిని పట్టుకుని స్వయంగా అవతలికి చేరుస్తుంది. చివరి వారాల్లో ఈ రవాణా ఎంత జోరుగా సాగుతుందంటే, నెలలు నిండి పుట్టిన బిడ్డలో అవి తల్లిలో కంటే ఎక్కువే ఉండవచ్చు. పొగలోని సూక్ష్మ మసికి అలాంటి చీటీ ఏదీ లేదు. అయినా బెల్జియంలోని హాసెల్ట్ విశ్వవిద్యాలయం వారు 2019లో, లేజరు సోకగానే మసి వెదజల్లే తెల్లని వెలుగును బట్టి వెతికితే, మాయలో బిడ్డ వైపునే అది కనిపించింది. 2022లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్ వారితో కలిసి చూసినప్పుడు పిండాల కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, మెదడులో కూడా దొరికింది.

పోలిక ఇంకా ఉంది. దొంగ సరుకు కొండకు చేరకపోయినా, అలిపిరిలో గలాటా జరిగితే పైకి వెళ్లాల్సిన బండ్లన్నీ చిక్కుకుపోతాయి. అలాగే మసి మాయను దాటకపోయినా, అక్కడ రేగిన వాపు ప్రభావం బిడ్డపై పడుతుంది. సరిగ్గా ఆ గర్భం నెలల్లోనే బిడ్డ రొమ్ము ఎముక వెనక ఉన్న థైమస్ గ్రంథి టీ-కణాలనే రోగనిరోధక కణాలకు తనవారెవరో పరాయివారెవరో నేర్పుతుంటుంది. గర్భంలో సహజంగా టీహెచ్2 కణాల (అలర్జీ తరహా స్పందనలు నడిపే టీ-కణాల) వైపు ఉండే మొగ్గు పుట్టాక టీహెచ్1 (కణాల లోపల దాగే సూక్ష్మజీవులతో పోరాడే టీ-కణాల) వైపు సర్దుకోవాలి. రోగనిరోధక వ్యవస్థకు పగ్గాలు వేసే నియంత్రక టీ-కణాల్లో వాటి పనికి కీలకమైన ఫాక్స్‌పీ3 జన్యువుపై మిథైల్ గుర్తులు (జన్యువును ఆపే రసాయన ముద్రలు) పడి అది మూగబోతే ఈ సర్దుబాటు దెబ్బతిని, పిల్లికూతలకు, ఉబ్బసానికి దారి తీయవచ్చన్నది శాస్త్రజ్ఞులు పరీక్షిస్తున్న వివరణల్లో ముఖ్యమైనది.

గ్రహణం నీడ పడకూడదని గర్భిణిని తలుపులు మూసిన గదిలో కూర్చోబెట్టి, అదే గదిలో సాంబ్రాణి పొగ వేసే ఇళ్లు మన జిల్లాలో నేనే చూశాను.

అలాగని ఇంట్లో కట్టెల పొయ్యి మార్చగానే అంతా చక్కబడుతుందనీ అనలేను. తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో సుమారు 3,200 మంది గర్భిణులను తీసుకుని, సగం మందికి గ్యాసు పొయ్యి ఇచ్చి చూశారు. పొగ బాగా తగ్గినా, పుట్టినప్పటి బరువులోనూ, ఏడాదిలోపు వచ్చే తీవ్ర న్యుమోనియాలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పొయ్యి అందేసరికే తొలి వారాలు గడిచిపోవడం ఒక కారణం కావచ్చు.

ఎంత పొగైతే పరవాలేదని ఆ పల్లె గర్భిణి మళ్లీ అడిగింది. 2.5 మైక్రాన్ల లోపు రేణువులకు, ఏడాది సగటున, మన దేశ ప్రమాణం ఘనమీటరు గాలికి 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 5. ఆ పల్లెలో కొలిచే యంత్రం లేదు కనుక తువ్వాలునే చూసుకోమన్నాను. దానిపై నలుసులు వాలే పూట గాలి ఇంటివైపు వీస్తున్నట్టు లెక్క. ఆ పూట ఊరికి అటు చివరన ఉన్న అత్త ఇంటికి వెళ్లి ఉండమన్నాను.