సిమ్యులేషన్‌లో కెమెరా చిత్రం: అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో ఇంజినీరింగ్ విద్యార్థుల రోబోటిక్స్ ప్రాజెక్టులకు నేను తోడ్పడుతుంటాను. చీమకుర్తి గ్రానైట్ యార్డును పోలిన దృశ్యాన్ని గెజిబోలో (రోబోను, దాని పరిసరాలను కంప్యూటర్‌లోనే అనుకరించే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్) తయారుచేసి, నల్లరాతి పలకలను తనిఖీ చేసే రోబోను అందులో నడిపించాలన్నది వారు తరచుగా ఎంచుకునే పని. రోబో ఒకటి రెండు రోజుల్లోనే నడుస్తుంది. వారాలు గడిచేది కెమెరా చిత్రం దగ్గరే, అందుకు చాలావరకు ఈ కింది నమ్మకాలే కారణం.

అపోహ: చిత్రం రాలేదంటే సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి.

వాస్తవం: గెజిబో దృశ్యాన్ని గీయాలి, దాన్ని టాపిక్‌గా (పేరున్న సందేశాల ప్రవాహంగా) పంపాలి, రెండింటినీ కలిపే బ్రిడ్జ్ ప్రోగ్రామ్ దాన్ని రోబో ప్రోగ్రామ్‌లు నడిచే రాస్ 2 వైపు చేర్చాలి, ఆ తర్వాతే రాస్‌లో డేటాను తెరపై చూపే ఆర్‌విజ్ చూపించగలదు. ఈ నాలుగింటిలో ఎక్కడ ఆగిందో తేల్చుకోకుండా ఏదీ తొలగించకూడదు. కొత్త గెజిబోలో, దృశ్యాన్ని వర్ణించే వరల్డ్ ఫైల్‌లో సెన్సర్లను నడిపించే సెన్సర్స్ సిస్టమ్ ప్లగిన్ లేకపోతే, రోబోకు కెమెరా ఉన్నా చిత్రమే పుట్టదు. 2025 జనవరిలో మద్దతు ముగిసిన పాత తరం గెజిబో క్లాసిక్ పాఠాలను చూసి రాసినవారికి ఈ విషయం తెలియకపోవడం సహజం. టాపిక్ వస్తున్నా ఆర్‌విజ్ ఖాళీగా ఉంటే, సందేశాలు చేరవేసే పద్ధతి పంపేవైపు బెస్ట్ ఎఫర్ట్‌గా (పోయినవాటిని మళ్లీ పంపదు), అందుకునేవైపు రిలయబుల్‌గా (అన్నీ చేరాలని కోరుతుంది) ఉన్నాయేమో చూడాలి. అలా ఉన్నప్పుడు ఆ రెండూ కలవవు.

అపోహ: చిత్రం నల్లగా వస్తే గ్రాఫిక్స్ కార్డుదే లోపం.

వాస్తవం: కార్డు కారణమయ్యే సందర్భాలు ఉన్నాయి, కానీ ముందుగా చూడవలసింది దృశ్యాన్నే. వరల్డ్‌లో దీపం పెట్టకపోయినా, కెమెరా ముందు రోబో సొంత తొడుగు అడ్డుగా ఉన్నా చీకటే కనిపిస్తుంది. కెమెరా చూసేది విజువల్‌ను (వస్తువు కనిపించే రూపాన్ని) మాత్రమే కాబట్టి, కొలిజన్ (ఢీకొనడాన్ని లెక్కించే రూపం) ఒక్కటే ఉన్న పలకకు రోబో ఢీకొంటుంది గానీ అది చిత్రంలో కనిపించదు. ఒక్కో పిక్సెల్‌కు దూరాన్ని చెప్పే డెప్త్ చిత్రం సంగతి వేరు: అందులో ఉన్నవి రంగులు కావు, మీటర్లలో దశాంశ సంఖ్యలు, కనుక మామూలు వ్యూయర్ వాటిని నల్లగా చూపవచ్చు.

అపోహ: పాయింట్ క్లౌడ్ (డెప్త్ చిత్రం నుంచి తయారయ్యే త్రిమితీయ బిందువుల సమూహం) నిలువుగా లేచి నిలబడితే కెమెరాను తిప్పాలి.

వాస్తవం: ఈ పొరపాటును నేను అన్నిటికంటే ఎక్కువగా చూశాను. రాస్ సంప్రదాయంలో రోబో లింక్‌కు (రోబోలోని ఒక్కో భాగానికి) ఎక్స్ అక్షం ముందుకు, జెడ్ అక్షం పైకి ఉంటాయి. కెమెరా చిత్రానికి వాడే అక్షాల అమరిక అయిన ఆప్టికల్ ఫ్రేమ్‌కు జెడ్ ముందుకు, ఎక్స్ కుడికి, వై కిందికి ఉంటాయి. కెమెరా లింక్‌ను కదపకుండా, దానికి కొత్త ఆప్టికల్ లింక్‌ను చేర్చి, దాని తిప్పు కోణాలుగా రేడియన్లలో రోల్ -1.5708, పిచ్ 0, యా -1.5708 ఇచ్చి, చిత్రంతో పాటు వచ్చే వివరాల భాగమైన హెడర్‌లో ఆ ఫ్రేమ్ పేరే ఉండేలా చూడాలి. కెమెరానే తిప్పితే క్లౌడ్ సరిపోయినట్టు అనిపించవచ్చు, కానీ చిత్రంలో యార్డు కాక ఆకాశమో నేలో కనిపిస్తుంది.

అపోహ: చిత్రం కనిపిస్తే కొలతలు సరైనవే.

వాస్తవం: గెజిబో రోబోను, దృశ్యాన్ని వర్ణించే ఎస్‌డీఎఫ్ ఫైల్‌లో కెమెరా అడ్డంగా చూసే కోణాన్ని రేడియన్లలో ఇవ్వాలి, 60 డిగ్రీలంటే 1.047. చిత్రం వెడల్పు 640 పిక్సెళ్లయితే ఫోకల్ లెంగ్త్ సుమారు 554 పిక్సెళ్లు రావాలి. మీటరు వెడల్పున్న పలకను కెమెరాకు 2 మీటర్ల దూరంలో ఎదురుగా నిలబెడితే అది 277 పిక్సెళ్ల మేర కనిపించాలి. ప్రతి బృందంతోనూ ఈ పరీక్ష చేయిస్తాను. ఎరుపు, నీలం తారుమారైతే మాత్రం చిత్రాలను విశ్లేషించే ఓపెన్‌సీవీ లైబ్రరీ రంగులను నీలం, ఆకుపచ్చ, ఎరుపు (బీజీఆర్) వరుసలో ఉంచుతుందని గుర్తు చేసుకుంటే చాలు.

అపోహ: 30 ఫ్రేములు అడిగితే సెకనుకు 30 వస్తాయి.

వాస్తవం: ఆ లెక్క సిమ్యులేషన్ కాలానిది. రియల్ టైమ్ ఫ్యాక్టర్ (అసలు కాలంతో పోలిస్తే సిమ్యులేషన్ నడిచే వేగం) 0.5 అయితే మన గడియారంలో 15 మాత్రమే వస్తాయి.

అపోహ: సిమ్యులేషన్‌లో పలక చక్కగా కనిపిస్తే యార్డులోనూ అలాగే కనిపిస్తుంది.

వాస్తవం: గెజిబో డెప్త్ కెమెరా మెరుగుపెట్టిన రాతికీ కచ్చితమైన దూరాన్నే ఇస్తుంది. అసలు డెప్త్ కెమెరాకు అద్దంలా మెరిసే నల్లరాయి దగ్గర చాలా పిక్సెళ్లలో కొలతే అందదు. గాసియన్ నాయిస్ (కొలతల్లో యాదృచ్ఛికంగా చేర్చే చిన్న హెచ్చుతగ్గులు) కలిపినా అలాంటి ఖాళీలు పుట్టవు కనుక, పలక ఉన్న చోట కొన్ని పిక్సెళ్లను కావాలనే తొలగించి, ఆ తర్వాతే విద్యార్థుల ప్రోగ్రామ్‌ను పరీక్షిస్తాం.