షాట్‌గన్ సైజు తేల్చిన కందనకాయ

మా మేనల్లుడు కొల్లేటి గట్టు మీద పెరిగి ఇప్పుడు అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలో ఉంటున్నాడు. మొన్న ఫోన్ చేసి, "మావయ్యా, ఆఫీసులో వాళ్లు స్టట్‌గార్ట్ వైపు బాతుల వేటకి రమ్మంటున్నారు. ఏ గన్ కొనమంటావ్?" అన్నాడు. ముప్పయ్యేళ్లు ఫిజిక్స్ పాఠాలు చెప్పినవాణ్ణే గానీ, దీపావళికి రీళ్ల తుపాకీ తప్ప ఇంకోటి పట్టుకున్న పాపాన పోలేదు. అయినా ప్రశ్న వదలబుద్ధి కాలేదు. వారం రోజులు చదివాను. చదివిన కొద్దీ తేలిందేమిటంటే, తుపాకీ సైజు తేల్చింది తుపాకీ కంపెనీలు కాదు, బాతు కందనకాయ.

ముందు ఒక మాట. చలికాలంలో కొల్లేటికి వచ్చే సూదితోక బాతుని కొడితే మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలే. అదే జాతి బాతుని అక్కడ సీజన్‌లో, లైసెన్సూ డక్ స్టాంపూ (బాతుల వేటకి కొనాల్సిన ప్రభుత్వ స్టాంపు) ఉంటే, రోజుకి ఇన్నని లెక్క ప్రకారం కొట్టుకోవచ్చు. మావాడికి గ్రీన్ కార్డు ఉంది. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు. హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది. ఇక స్టట్‌గార్ట్ అంటే ఆర్కన్సాలోనే ఒక ఊరు, చుట్టూ వరి మడులే. అమెరికాలో పండే వరిలో సుమారు సగం ఆర్కన్సాదే. కోతలయ్యాక నీళ్లు నిలిపిన పొలాల్లో రాలిన గింజల కోసం పచ్చతల మల్లార్డ్ బాతులు గుంపులుగా దిగుతాయి.

షాట్‌గన్‌లో ఒక తూటాకి ఒక గుండు కాదు, వంద అటూ ఇటూగా చిన్న గుళ్లు ఉంటాయి. గొట్టం సైజుని అక్కడ గేజ్ అంటారు, మన దగ్గర బోర్ అంటారు. తమాషా ఏమిటంటే, ఈ అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది. ఒక పౌండు సీసాన్ని 12 సమాన గుండ్లుగా చేస్తే ఒక్కో గుండు పట్టే గొట్టం 12 బోర్, అంటే 18.5 మిల్లీమీటర్లు. 20 గుండ్లుగా చేస్తే 20 బోర్, 15.6 మిల్లీమీటర్లు.

ఇప్పుడు కందనకాయ సంగతి. చికెన్ కొట్టులో కందనకాయ చీల్చినప్పుడు లోపల ఇసుక, చిన్న రాళ్లు చూసే ఉంటారు. పక్షికి పళ్లు లేవు కాబట్టి ఆ రాళ్లే తిరగలి. బాతు కూడా మడుగు అడుగున రాళ్లు ఏరుకుని మింగుతుంది. వేటగాళ్లు ఏళ్ల తరబడి పేల్చిన సీసం గుళ్లు ఆ బురదలోనే ఉన్నాయి. బాతుకి గుండుకీ రాయికీ తేడా తెలియదు. రాయి అరగదీస్తుంది, ఆమ్లం కరిగిస్తుంది, సీసం రక్తంలోకి ఎక్కుతుంది. కండరాలు చచ్చుబడతాయి, కందనకాయ కదలడం మానేస్తుంది. ఆహారనాళం నిండా గింజలున్నా బాతు ఆకలితో చస్తుంది. దాన్ని తిన్న గద్దకీ అదే గతి. అమెరికాలో ఏటా 2 నుంచి 3 శాతం నీటిపక్షులు ఇలా పోతున్నాయని ఫ్రాంక్ బెల్‌రోజ్ అనే నీటిపక్షుల శాస్త్రవేత్త 1959లో అంచనా వేశాడు. 1991 నుంచి అక్కడ దేశమంతా నీటిపక్షుల వేటలో సీసం నిషేధం. దాని చోట స్టీలు వచ్చింది. పేరుకి స్టీలే గానీ నిజానికి మెత్తటి ఇనుము.

అసలు కథ ఇక్కడే మొదలైంది.

తూర్పారబట్టడం అనే మాట ఇప్పుడు ప్రతిపక్షం ప్రభుత్వాన్ని తిట్టే వార్తల్లోనే మిగిలింది గానీ, నా చిన్నప్పుడు కళ్లంలో రోజూ చూసిన పని. చేట ఎత్తి వడ్లు ధారగా వదిలితే గట్టి గింజ కాళ్ల దగ్గరే రాశి పడుతుంది. తాలు గింజది అదే సైజు, అదే ఆకారం, కానీ గాలికి ఆమడ పోతుంది. ఊద గింజ గట్టిదే, అయితే చిన్నది కాబట్టి అదీ కాస్త పక్కకి జరుగుతుంది. అక్కడ గింజ మీదికి గాలి వస్తుంది, ఇక్కడ గుండే గాలి మీదికి పోతుంది. సూత్రం ఒకటే. గాలి నెట్టేది గింజ అడ్డుకొలతని బట్టి, అంటే వ్యాసం వర్గాన్ని బట్టి. ఆ నెట్టుకి తట్టుకునేది బరువు, అంటే సాంద్రత ఇంటూ వ్యాసం ఘనం. ఒకదాన్ని ఒకదానితో భాగిస్తే చివరికి మిగిలేది సాంద్రత ఇంటూ వ్యాసం. గాలిలో వేగం నిలబెట్టుకునే శక్తికి ఇదే కొలమానం. ఇన్నేళ్లు బోర్డు మీద ఈ సూత్రం రాసి మార్కులు వేశానే గానీ, ఒక్క క్లాసుకైనా చేట పట్టుకెళ్లాలని తోచలేదు.

సీసం సాంద్రత 11.3, ఇనుముది 7.9. గుండు సైజుకి అమెరికన్ల లెక్క ఇంకో చిత్రం: 17లోంచి నంబరు తీసేస్తే అంగుళంలో వందో వంతుల్లో వ్యాసం వస్తుంది. నాలుగో నంబరు 0.13 అంగుళం, 3.3 మిల్లీమీటర్లు. సీసంలో 11.3 × 3.3 అంటే 37. అదే సైజు ఇనుము 26. తాలు గింజే! వేటగాళ్లు సీసం కన్నా రెండు నంబర్లు పెద్ద స్టీలు గుండు వాడమంటారు. రెండో నంబరు 3.8 మిల్లీమీటర్లు. బరువు చూస్తే సీసం నాలుగు 0.21 గ్రాము, స్టీలు రెండు 0.23. బరువులు సరిపోయాయి. కానీ మన కొలమానం 30 దగ్గరే ఆగింది. 37ని అందుకోవాలంటే 4.6 మిల్లీమీటర్ల గుండు (దాన్ని బీబీ అంటారు) కావాలి. అప్పుడు ఒకటింబావు ఔన్సు తూటాలో 156 గుళ్లకి బదులు 90 మాత్రమే పడతాయి. గాలిలో పరుచుకునే గుళ్లని వల అనుకుంటే, ఆ వల కన్నాలు పెద్దవైపోయి, మధ్యలోంచి బాతు క్షేమంగా వెళ్లిపోతుంది. అందుకని రెండో నంబరు దగ్గర రాజీపడి, సెకనుకి 1,400 అడుగుల పైన వేగంతో వదులుతున్నారు. అదీ పెద్దగా కలిసిరాదు. వేగం పెరిగితే గాలి అడ్డు అంతకు మించి పెరుగుతుంది. 40 గజాలు చేరేసరికి వేగం సగానికి పడిపోతుంది. ఈలోగా గంటకి 80 కిలోమీటర్ల వేగంతో పోయే బాతు దాదాపు మూడు మీటర్లు జరుగుతుంది.

తేలిక గుళ్లు అదే బరువుకి ఎక్కువ చోటు తింటాయి, కాబట్టి తూటా పొడుగు పెరిగింది. రెండుంముప్పావు అంగుళాల చోట మూడు అంగుళాలది మామూలైంది. 20 బోర్ సన్న గొట్టంలో స్టీలుకి ఇరుకు. కనుక మావాడికి 12 బోర్, మూడంగుళాల తూటా పట్టేది. ఇంకో మెలిక గొట్టం మూతి దగ్గర ఉంది. అక్కడ బిగించే చోక్ గుళ్లు చెల్లాచెదురు కాకుండా కాస్త నొక్కి పంపుతుంది. సీసం గుళ్లు గొట్టంలో నలిగి కొన్ని అటుకుల్లా అవుతాయి, అటుకులు ఎటెటో ఎగిరిపోతాయి. స్టీలు నలగదు, గుండ్రంగానే గుంపుగా వెళుతుంది. అందుకే సీసానికి బాగా బిగుతైన ఫుల్ చోక్ చేసే పని స్టీలుకి కాస్త వదులైన మాడిఫైడ్ చోకే చేసేస్తుంది. బిగుతు చోక్, తాతల నాటి రెండు గొట్టాల డబుల్ బ్యారెల్ తుపాకీ ఇనప గుళ్లకి పాడైపోవచ్చు.

టంగ్‌స్టన్ మిశ్రమం గుళ్లూ ఉన్నాయి. సాంద్రత 18, కాబట్టి రెండు మిల్లీమీటర్ల ఆవగింజంత గుండు కూడా 36 తెచ్చుకుంటుంది. ధర వింటే మాత్రం బాతుని సంతలో కొనుక్కోవడం నయం.

పొడుగు గొట్టం ఎక్కువ దూరం కొడుతుందన్నది మన ఊళ్లోనూ అక్కడా ఉన్న మూఢనమ్మకం. ఇప్పటి తుపాకీ మందు గొట్టం చివరికి చేరకముందే చాలావరకు కాలిపోతుంది. ప్రతి తూటాకీ చేత్తో వెనక్కీ ముందుకీ లాగే పంపా, తూటా దానంతటదే ఎక్కే సెమీ ఆటోమేటికా అన్నది వాడి భుజం, పర్సు చూసుకోవాలి. ఏదైనా సరే, వలస పక్షుల వేటలో మూడు తూటాలకి మించి పట్టకుండా గన్‌లో అడ్డుకర్ర పెట్టాలని 1935 నుంచీ రూలు.

డిసెంబర్‌లో వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. పళ్లెంలో చీల్చిన కందనకాయ, కొన్ని వడ్లు, ఇసుక, ఒక నల్లటి గుండు. "ఇది నేను కొట్టిందా, అది మింగిందా మావయ్యా?" అన్నాడు. కందనకాయ గోడకి కన్నం ఉందేమో చూడమన్నాను. లేదు. "అయితే మింగిందే. సీసమో స్టీలో చూడు, అయస్కాంతం పెట్టు" అన్నాను. ఫ్రిజ్ మీద అంటించిన తిరుపతి వెంకన్న బొమ్మ పీకి దగ్గర పెట్టాడు. టక్కున అతుక్కుంది.