చీజ్, వైన్ హ్యాంపర్లు: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో, చీజ్, వైన్ అమ్మే షాపులో హ్యాంపర్లు, అంటే బహుమతి బుట్టలు, సర్దడం నా పని. నవంబర్ వచ్చిందంటే ఊపిరి సలపదు. ఆఫీసులో మేనేజర్‌కి, పిల్లల టీచర్‌కి, కొత్త ఇల్లు కొన్న స్నేహితులకి పంపాలని ఇక్కడి తెలుగువాళ్లు కూడా ఈమధ్య బాగా అడుగుతున్నారు. చాలామంది ముందు బడ్జెట్ చెబుతారు, తర్వాత బుట్ట సైజు చెబుతారు. నేను అడిగేవి వేరే. విప్పేది ఎవరు? ఎప్పుడు తింటారు? ఏం తినరు? ఇవి తెలియకుండా కట్టిన హ్యాంపర్ ఎంత ఖరీదైనా సగం ఫ్రిజ్‌లో ఎండిపోతుంది, సగం ఇంకొకరి చేతికి వెళ్తుంది. కౌంటర్ దగ్గర తరచూ వినే అపోహలు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: చీజ్‌కి జోడీ అంటే రెడ్ వైనే.

వాస్తవం: చాలా చీజ్‌లకి వైట్ వైనే బాగా కుదురుతుంది. ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి వచ్చే టానిన్ల వల్ల రెడ్ వైన్‌లో ఒక వగరు ఉంటుంది. బ్రీ, కామంబేర్ లాంటి మెత్తని చీజ్ తిని, కబెర్నే సోవిన్యోన్ లాంటి ముదురు రెడ్ తాగితే ఆ వగరు చేదుగా మారి, నోట్లో ఇనుము నాకినట్టు ఉంటుంది. వాటికి బుడగలున్న వైన్ మంచిది. పులుపూ బుడగలూ కలిసి నాలుక మీది కొవ్వుని కడిగేస్తాయి. అన్నీ బ్రిటన్‌వే కావాలంటే ససెక్స్, కెంట్ ప్రాంతాల స్పార్క్‌లింగ్ వైన్ పెడతాను. ఫ్రాన్స్‌లోని షాంపేన్ సీమలో లాగే అక్కడా సుద్దనేలలున్నాయి, షాంపేన్‌లో వాడే ద్రాక్ష రకాలే అక్కడా పండిస్తారు.

మేక పాల చీజ్‌కి సోవిన్యోన్ బ్లాంక్. ఫ్రాన్స్‌లోని లువార్ లోయలో క్రొటాన్ ద షవిన్యోల్ అనే చిన్న మేక చీజ్, సాన్సెర్ అనే వైట్ వైన్ పక్కపక్క కొండల మీదే పుట్టాయి. అక్కడివాళ్లు తరతరాలుగా ఈ రెంటినీ కలిపే తింటున్నారు. నీలి బూజు చారలతో, ఉప్పగా, ఘాటుగా ఉండే బ్లూ చీజ్‌కి తీపి వైన్ కావాలి. అందుకే రోక్‌ఫోర్ అనే బ్లూ చీజ్‌కి సోటెర్న్ అనే తీపి వైన్, స్టిల్టన్ అనే బ్లూ చీజ్‌కి పోర్ట్ అనే తీపి వైన్. రెడ్ వైన్ అందం చూడాలంటే బాగా పండిన చెడ్డార్‌తోనో, స్పెయిన్ చీజ్ మాంచేగోకి అక్కడి రెడ్ వైన్ రియోహాని జత చేసో చూడాలి. మూడు రకాల చీజ్‌కి ఒకే బాటిల్ పెట్టాల్సి వస్తే నా ఓటు కాస్త తీపి తగిలే రీస్లింగ్‌కే.

అపోహ: చీజ్ అంటే పాలే కదా, శాకాహారులకి నిశ్చింతగా ఇవ్వొచ్చు.

వాస్తవం: మనవాళ్లకి కట్టేటప్పుడు నేను అన్నిటికంటే జాగ్రత్తగా చూసేది ఇదే. చీజ్ కోసం పాలని గడ్డకట్టించడానికి రెన్నెట్ వాడతారు. సంప్రదాయ రెన్నెట్ పాలు తాగే దూడ నాలుగో పొట్ట లోపలి పొర నుంచి తీస్తారు. పార్మెజాన్‌గా పిలిచే ఇటలీ చీజ్ పార్మిజానో రెజానో నిబంధనల ప్రకారం దూడ రెన్నెట్ తప్పనిసరి కాబట్టి అందులో శాకాహార రకం ఉండదు. కోంటే, గ్రుయేర్, రోక్‌ఫోర్ కూడా జంతు రెన్నెట్‌తో చేసేవే. ఇక్కడి సూపర్ మార్కెట్లలో 'ఇటాలియన్ స్టైల్ హార్డ్ చీజ్' అని కనిపించేది చాలాసార్లు శాకాహార రెన్నెట్‌తో చేసినదై ఉంటుంది, కాబట్టే దానికి పార్మెజాన్ పేరు పెట్టడానికి వీల్లేదు.

శాకాహారులకి దారి లేదని కాదు. సూక్ష్మజీవుల నుంచి తీసే రెన్నెట్ ఉంది. మామూలు చెడ్డార్లలో చాలావరకు దానితో చేసినవే. గుడ్డ చుట్టి పండించే పాతకాలపు చెడ్డార్లలో మాత్రం కొన్ని దూడ రెన్నెట్‌వి ఉంటాయి, లేబుల్ చూడాల్సిందే. పోర్చుగల్‌లో సెర్రా ద ఎస్త్రెలా అని గొర్రె పాల చీజ్ ఒకటి ఉంది. దాన్ని ఒక రకం ముళ్లచెట్టు పువ్వుతో గడ్డకట్టిస్తారు. మెత్తగా, కాస్త చిరుచేదుతో చాలా బాగుంటుంది. శాకాహారుల హ్యాంపర్‌లో మిగతావాళ్లు కూడా అసూయపడే చీజ్ ఏదంటే నేను దాన్నే చూపిస్తాను.

వైన్ సంగతి కూడా ఇంతే. మడ్డి తేరడానికి గుడ్డు తెల్లసొన, పాల కేసీన్, జెలటిన్, చేప తిత్తి నుంచి తీసే ఐసింగ్లాస్ వాడే పద్ధతులున్నాయి. గుడ్డు, పాల అవశేషాలు వైన్‌లో మిగిలితే లేబుల్ మీద రాయాలి. చేప తిత్తి వాడితే రాయాల్సిన పని లేదు. అందుకని లేబుల్‌లో ఏమీ లేదంటే అభ్యంతరం లేదని అనుకోకండి. గుడ్డు కూడా ముట్టని ఇంటికి పంపేటప్పుడు వీగన్ అని స్పష్టంగా రాసి ఉన్న బాటిలే ఎంచుకోండి. అలాంటివి ఇప్పుడు చాలా దొరుకుతాయి. బెంటొనైట్ అనే బంకమట్టితో తేర్చినా వైన్ తేటగానే వస్తుంది.

అపోహ: బూజు పట్టిన చీజ్ పాడైపోయినట్టే.

వాస్తవం: ఏ బూజు అన్నదాన్ని బట్టి ఉంటుంది. నేనుండే చోటు స్టిల్టన్ సీమ కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. మన బనగానపల్లె మామిడికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉన్నట్టే స్టిల్టన్ పేరుకీ చట్టం రక్షణ ఉంది. లెస్టర్‌షైర్, డెర్బీషైర్, నాటింగ్‌హామ్‌షైర్‌లలో, పాశ్చరైజ్ చేసిన స్థానిక పాలతో చేస్తేనే ఆ పేరు పెట్టాలి. స్టిల్టన్ అనే ఊరు కేంబ్రిడ్జ్‌షైర్‌లో ఉంది. అంటే ఆ ఊళ్లో చేసిన చీజ్‌ని స్టిల్టన్ అనకూడదు!

పెనిసీలియం రోక్‌ఫోర్టీ అనే బూజుని పాలలోనే కలుపుతారు. చీజ్ గట్టిపడ్డాక, సుమారు ఆరు వారాలప్పుడు, పొడవాటి సూదులతో పొడుస్తారు. ఆ రంధ్రాల గుండా గాలి లోపలికి వెళ్తుంది. గాలి తగిలిన దారిలోనే నీలి చారలు పాకుతాయి. వేసవి చివర్లో పచ్చిగడ్డి మేసిన ఆవుల పాలతో చేసింది సరిగ్గా క్రిస్మస్ నాటికి పదునుకొస్తుంది. ఈ పండక్కి స్టిల్టన్ ఇంతగా అల్లుకుపోవడానికి అదొక కారణం.

సుమారు 8 కిలోల గుండ్రని దిమ్మని సన్నని తీగతో కోస్తాం. మధ్యలో వెన్నలా మెత్తగా ఉంటుంది, చారలూ అక్కడే చిక్కగా ఉంటాయి. అంచు దగ్గర గట్టిగా, పొడిపొడిగా రాలుతుంది. నడిమి నుంచి తొక్క దాకా సన్నని ముక్కోణంలా కోస్తేనే తినేవాళ్లకి అన్ని రుచులూ అందుతాయి. కొందరు ఇళ్లలో ముక్క కొసనే కోసుకుని మిగతాది వదిలేస్తారు, తర్వాత తినేవాళ్లకి ఒట్టి తొక్క మిగులుతుంది. పక్క నుంచి పొడవునా కోయమని హ్యాంపర్‌లో పెట్టే కార్డు మీద రాస్తాను.

చెడ్డార్ లాంటి గట్టి చీజ్ మీద కొత్తగా బూజు కనిపిస్తే దాని చుట్టూ 2.5 సెంటీమీటర్లు కోసి పారేసి మిగతాది తినొచ్చు. మెత్తని చీజ్ మీద రాకూడని బూజు వస్తే మొత్తం పారేయాలి.

అపోహ: నారింజ రంగు చీజ్‌లో కెమికల్ కలర్ కలుపుతారు.

వాస్తవం: రెడ్ లెస్టర్‌కి ఆ రంగు అనాటో గింజల నుంచి వస్తుంది. మన దగ్గర జాఫ్రా గింజలంటామే, అవే. రంగు తప్ప రుచిలో తేడా ఏమీ ఉండదు. బుట్టలో తెల్లటి చీజ్‌ల పక్కన ఒక్క రెడ్ లెస్టర్ ముక్క ఉంటే కంటికి నిండుగా కనిపిస్తుంది, పిల్లలు కూడా ముందు దాన్నే అందుకుంటారు.

అపోహ: స్క్రూ క్యాప్ ఉందంటే చౌకరకం వైన్.

వాస్తవం: కాదు. న్యూజిలాండ్ వైన్లలో అత్యధికం స్క్రూ క్యాప్‌వే. కార్క్ చెడి వైన్‌కి తడి అట్టపెట్టె వాసన పట్టే బెడద దీనికి లేదు. పైగా హ్యాంపర్ అందుకున్నవాళ్ల ఇంట్లో కార్క్ తీసే పరికరం లేకపోయినా టెన్షన్ ఉండదు.

అపోహ: వైన్ ఎంత పాతదైతే అంత గొప్ప.

వాస్తవం: షాపుల్లో దొరికే వైన్లలో ఎక్కువ శాతం ఒకట్రెండేళ్లలో తాగేయడానికి చేసినవే. పోర్ట్ విషయంలోనూ పాత వింటేజ్ పోర్ట్ కోసం పట్టుబట్టకండి. దానిలో అడుగున మడ్డి ఉంటుంది, నిలబెట్టి తేర్చి వంచాలి, తెరిచాక కొద్ది రోజుల్లోనే అవగొట్టాలి. బహుమతికి ఫిల్టర్ చేసిన ఎల్బీవీ (లేట్ బాటిల్డ్ వింటేజ్) రకం పోర్ట్ గానీ, టానీ రకం గానీ సుఖం. టానీ తెరిచాక కూడా ఫ్రిజ్‌లో కొన్ని వారాలు నిలుస్తుంది. 20 శాతం ఆల్కహాల్ ఉన్న బాటిల్‌ని ఇద్దరే ఉండే ఇంట్లో ఒక్క రాత్రిలో ముగించమనడం న్యాయం కాదు.

అపోహ: బుట్ట నిండుగా ఉంటేనే ఇచ్చినవాళ్లకి పరువు.

వాస్తవం: ఏడెనిమిది రకాల చీజ్ 50 గ్రాముల ముక్కలుగా పెడితే ఫొటోకి బాగుంటుంది, తినడానికి చిరాకు. అంత చిన్న ముక్క త్వరగా ఎండిపోతుంది కూడా. భోజనం తర్వాత మనిషి తినేది 75 నుంచి 100 గ్రాములు. 750 మిల్లీలీటర్ల బాటిల్‌కి 125 మిల్లీలీటర్ల గ్లాసులు ఆరు వస్తాయి. నలుగురుండే ఇంటికి ఒక బాటిల్, 150 గ్రాముల చొప్పున మూడు చీజ్‌లు సరిపోతాయి: ఒకటి గట్టిది, ఒకటి మెత్తనిది, ఒకటి బ్లూ. మిగిలిన డబ్బు ఉంటే రకాలు పెంచకుండా ఆ మూడింటి నాణ్యత పెంచమంటాను.

చీజ్‌ని క్లింగ్ ఫిల్మ్‌లో బిగించి పెట్టకండి. మెత్తనిదైతే దానికి చెమట పడుతుంది, అమోనియా వాసన కొడుతుంది. చీజ్ కోసమే చేసే వ్యాక్స్ పేపర్ చాలు. గట్టి చీజ్‌ని పోస్టులో పంపాలంటే వ్యాక్యూమ్ ప్యాక్ పరవాలేదు. బాటిల్ ఎప్పుడూ అడుగున, బుట్ట గోడకి ఆనించి, కదలకుండా ఉండాలి. షాంపేన్ బాటిల్‌లో సుమారు 6 అట్మాస్ఫియర్ల ఒత్తిడి ఉంటుంది కాబట్టి గాజు మందం, బరువు ఎక్కువ. పక్కన మెత్తని బ్రీ ఉందంటే, దారిలో ఒక్క కుదుపు చాలు, అది అప్పచ్చి అయిపోతుంది.

అపోహ: మన ఆవకాయ, కారం చెక్కలు పెడితే హ్యాంపర్‌కి ప్రత్యేకత వస్తుంది.

వాస్తవం: ఆ ఆలోచన నాకు చాలా ఇష్టం, కానీ ఎంచి పెట్టాలి. కారం, ఆల్కహాల్ కలిస్తే నోరు మండుతుంది. టానిన్ తోడైతే మరీనూ. కారం చెక్క మీద పెడితే కామంబేర్ రుచే తెలియదు. బెల్లం ఆవకాయ మాత్రం ముదురు చెడ్డార్‌కి అద్భుతంగా కుదురుతుంది. ఇక్కడివాళ్లు చీజ్‌తో తినే తియ్యటి చట్నీల అలవాటు అసలు మన దేశం నుంచి వచ్చిందే. నూనె ఎక్కువ తేలకుండా చిన్న సీసాలో, మూత గట్టిగా బిగించి పెట్టండి. ఆవాలకి అలర్జీ ఉన్నవాళ్లు ఇక్కడ ఉంటారు కాబట్టి అందులో ఏమేమున్నాయో రాసి అంటించండి.

అపోహ: గర్భిణులు చీజ్ అసలు ముట్టకూడదు.

వాస్తవం: చెడ్డార్ లాంటి గట్టి చీజ్ తినొచ్చని ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ చెబుతుంది. లిస్టీరియా అనే బ్యాక్టీరియా భయం వల్ల వద్దనేది బ్రీ, కామంబేర్ లాంటి బూజుపొర ఉన్న మెత్తనివి, మెత్తని బ్లూ చీజ్‌లు. పొగలు కక్కేలా వండితే అవీ తినొచ్చు. వైన్ మాత్రం పూర్తిగా మానేయాలి. ఆ ఇంటికి మంచి ఆపిల్ జ్యూస్ బాటిల్ పెడతాను. ఆల్కహాల్ తాగని ఏ ఇంటికైనా అదే.

అపోహ: వైన్‌కి పన్ను కట్టే కొన్నాం కదా, ఇంట్లో హ్యాంపర్లు కట్టి అమ్ముకోవచ్చు.

వాస్తవం: ఇంట్లో వ్యాపారం మొదలుపెట్టాలనుకునే మన అక్కచెల్లెళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2003 నాటి లైసెన్సింగ్ చట్టం ప్రకారం ఆల్కహాల్ అమ్మే చోటికి ప్రెమిసెస్ లైసెన్స్ ఉండాలి, బాధ్యత తీసుకునే మనిషికి పర్సనల్ లైసెన్స్ ఉండాలి. 'చీజ్‌కే డబ్బు, వైన్ ఫ్రీ' అని రాసినా అది అమ్మకం కిందికే వస్తుంది. ఆహారం అమ్మడం మొదలుపెట్టడానికి 28 రోజుల ముందే స్థానిక కౌన్సిల్‌లో రిజిస్టర్ చేసుకోవాలి, దానికి ఫీజు లేదు. వైన్ లేకుండా చీజ్, క్రాకర్లు, చట్నీలతో మొదలుపెట్టడం నా సలహా.

అపోహ: పారిస్ నుంచి చీజ్ తెచ్చి హ్యాంపర్‌లో పెట్టొచ్చు, వైన్‌ని ఇండియాకి కొరియర్ చేయొచ్చు.

వాస్తవం: గాలికుంటు వ్యాధి కారణంగా 2025 ఏప్రిల్ 12 నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల చీజ్‌ని ప్రయాణికులు సొంతానికి కూడా గ్రేట్ బ్రిటన్‌లోకి తేకూడదని ఆంక్ష పెట్టారు. ప్రయాణానికి ముందు తాజా నిబంధన చూసుకోండి. ఇండియాలో అమ్మానాన్నలకి వైన్ ఇవ్వాలంటే కొరియర్ మాట మర్చిపోయి మీరే లగేజీలో తీసుకెళ్లండి. పెద్దవాళ్లయిన ఒక్కో ప్రయాణికుడికి 2 లీటర్ల దాకా సుంకం ఉండదు.

అపోహ: ప్యాక్ చేసి పంపాక ఇక మన పని అయిపోయినట్టే.

వాస్తవం: చీజ్ ఉన్న పార్సిల్‌ని సోమ, మంగళ, బుధవారాల్లోనే పంపండి. బుధవారం దాటితే శని, ఆదివారాలు గోడౌన్‌లో పడి ఉండొచ్చు. ఐస్ ప్యాక్ చీజ్ పక్కనే ఉండాలి. బాటిల్‌కి తగిలితే తేమకి లేబుల్ ఊడి వస్తుంది. అందుకునేవాళ్లు ఆ రోజు ఊళ్లో ఉంటారో లేదో ముందే కనుక్కోండి, సర్‌ప్రైజ్ పోయినా ఫరవాలేదు.

లోపల చేత్తో రాసిన కార్డు ఒకటి పెట్టండి. పేర్లు, రెన్నెట్ ఏ రకమో, ఏది ముందు తినాలో రాయండి. నేను రాసేది ఇలా ఉంటుంది: 'రాగానే చీజ్ తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. తినే గంట ముందు బయట పెట్టండి. బ్రీ ఈ వారంలోనే, స్టిల్టన్ రెండు వారాల్లోపు, చెడ్డార్ నిదానంగా. పోర్ట్ స్టిల్టన్‌కి.'