అప్పు తీరకుండా మాత్ర ఏం చేస్తుంది? డిప్రెషన్ మందులపై అపోహలు - వాస్తవాలు

మొన్న శనివారం దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక పెద్దాయన కొడుకుని వెంటబెట్టుకుని వచ్చారు. అబ్బాయికి 24 ఏళ్లు. మాదాపూర్‌లో ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. రెండు నెలలుగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. అన్నం సహించదు, స్నానం కూడా అమ్మ పోరితేనే. నేను మందు రాస్తుంటే ఆయన అన్నారు: "మేడం, వీడికి లేనిది ఉద్యోగం. మీ మాత్ర ఉద్యోగం తెచ్చిస్తుందా?"

ఈ ప్రశ్న దాదాపు రోజూ వింటాను. ఉద్యోగం బదులు ఒకరికి అప్పు, ఒకరికి విడాకుల కేసు. ఈ ఒక్క అపోహ వల్ల నెలల తరబడి కుంగిపోయినవాళ్లను ఎందరినో చూశాను కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: కారణం ఉండి వచ్చిన బాధకు మందు పనిచేయదు.

వాస్తవం: పనిచేస్తుంది. ఒకప్పుడు మా వైద్యంలోనూ డిప్రెషన్‌ను లోపలి నుంచి వచ్చేది, కష్టాల వల్ల వచ్చేది అని విడదీసేవారు. 1980లో వచ్చిన డీఎస్ఎం-3 (అమెరికా మానసిక వైద్యుల సంఘం జబ్బులను గుర్తించడానికి వేసే పుస్తకం) కారణాన్ని పక్కనపెట్టి లక్షణాలను చూడమంది, ఆప్తుల మరణంతో వచ్చిన దుఃఖాన్ని మాత్రం మినహాయించింది. 2013లో డీఎస్ఎం-5 ఆ మినహాయింపునూ తీసేసింది. మందు అవసరమా కాదా అన్నది జబ్బు ఎంత తీవ్రంగా ఉందో చూసి చెప్పాలి. ఆఫీసు టెన్షన్‌తో బీపీ పెరిగిన మనిషిని ఆఫీసు మారేదాకా మాత్ర వేసుకోవద్దని ఎవరూ అనరు కదా!

కష్టం వల్లే డిప్రెషన్ మొదలై ఉండవచ్చు. కానీ ఒకసారి పట్టుకున్నాక అది ఆ కష్టాన్నే ఇంకా పెంచుతుంది. నిద్ర లేనివాడు ఇంటర్వ్యూలో ఏం చెప్తాడు? బ్యాంకు ఫోన్ చేస్తే ఎత్తే ధైర్యం ఉండదు, వడ్డీ పెరుగుతుంది.

మూసాపేట నుంచి ఒక ఆటో డ్రైవర్ వచ్చేవాడు. మూడు కిస్తీలు కట్టలేదు, ఫైనాన్స్ వాళ్లకు భయపడి బండి బయటికే తీయడం మానేశాడు. సెర్ట్రాలిన్ అనే డిప్రెషన్ మందు మొదలుపెట్టాం. ఆరో వారంలో వచ్చి, "అప్పు అట్లనే ఉంది మేడం, గానీ ఇప్పుడు లెక్క రాసుకోవస్తుంది" అన్నాడు. అంతకుముందే తనంతట తాను ఫైనాన్స్ ఆఫీసుకు వెళ్లి కిస్తీకి గడువు అడిగి వచ్చాడు. మందు నుంచి నేను కోరుకునేది అంతే. దాంతో అప్పు తీరదు, అప్పు గురించి ఆలోచించే శక్తి తిరిగి వస్తుంది.

మందు చేయలేనివీ ఉన్నాయి. కొట్టే భర్త ఉన్న ఇంట్లో ఆమెకు మాత్ర ఇచ్చి పంపేస్తే అది వైద్యం కాదు. అలాంటప్పుడు మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు కూడా చెప్తాను. బాధపడే ప్రతి ఒక్కరికీ మందు అక్కర్లేదు, జబ్బు తేలికగా ఉంటే కౌన్సెలింగ్‌తోనే మొదలుపెట్టవచ్చు. మొదటి మందే అందరికీ సరిపడదు. 2006లో ఫలితాలు వచ్చిన స్టార్-డి అనే పెద్ద అమెరికా అధ్యయనంలో మొదటి మందుతో పూర్తిగా తేరుకున్నది దాదాపు మూడోవంతు మందే. మిగతావాళ్లకు మందు మార్చాలి, లేదా ఇంకోటి కలపాలి.

అపోహ: అలవాటైపోతాయి. ఇది ఆందోళనకు, నిద్రకు వేసుకునే అల్ప్రాజోలం లాంటి మాత్రల గురించిన భయం, ఆ విషయంలో నిజమే. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లున్నారు. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటి డిప్రెషన్ మందులు అలాంటివి కావు. అయితే ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, ఒంట్లో కరెంటు కొట్టినట్టు ఉండటం జరగవచ్చు, అందుకే మెల్లగా తగ్గిస్తాం.

అపోహ: పది రోజులు వాడాను, గుణం లేదు. పది రోజులు చాలవు. వికారం, తలనొప్పి మొదటి వారంలోనే వస్తాయి, గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఆరు వారాలు పడుతుంది. తేరుకున్నాక కనీసం ఆరు నెలలు కొనసాగించాలి.

బాబాయ్ పోయాక మా పిన్ని డిప్రెషన్ మాత్రల స్ట్రిప్పు బియ్యం డబ్బాలో దాచేది, కోడలు చూస్తే పిచ్చి అనుకుంటుందని. నేనప్పుడు మెడిసిన్ చదువుతున్నాను, నాకూ చెప్పలేదు. మధ్యలో రెండుసార్లు ఆపేసింది, రెండుసార్లూ మళ్లీ మంచం పట్టింది. బాబాయ్ తిరిగి రాడని ఆమెకు తెలుసు. కానీ మూడోసారి మానకుండా వాడిన ఏడాది, మనవడిని బడికి దింపి రావడం మొదలుపెట్టింది.

ఆసుపత్రికి రావడానికి జంకేవాళ్లు 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు.

ఆ పెద్దాయన వెళ్తూ వెళ్తూ, మాత్ర ఎప్పుడు వేయాలి అని అడిగారు. టిఫిన్ అయ్యాక, మీ చేత్తో ఇవ్వండి, స్ట్రిప్పు మీ దగ్గరే ఉంచుకోండి అన్నాను. 25 ఏళ్ల లోపు వాళ్లలో కొందరికి మొదటి వారాల్లో చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చు, ఒంటరిగా వదలకండి, అలా ఏమన్నా అంటే వారం ఆగకుండా అర్ధరాత్రయినా నాకు ఫోన్ చేయండి అని చెప్పాను. ఆయన నా నంబరు చొక్కా జేబులో చిన్న పుస్తకంలో రాసుకున్నారు. మళ్లీ శనివారం రమ్మన్నాను.