మెషీన్లు పెంచితే స్పీడ్ పెరుగుతుందా? పారలల్ కంప్యూటింగ్‌లో అపోహలు - వాస్తవాలు

అపోహ: ఒకే పనిని పంచుకుని చేసే కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు) రెట్టింపు చేస్తే పని సగం టైములో అయిపోతుంది.

వాస్తవం: 100 నిమిషాల పనిలో 5 నిమిషాలది పంచడానికి వీల్లేనిది అనుకోండి. మిగతా 95 నిమిషాల పనిని లక్ష కోర్లకు పంచినా ఆ 5 నిమిషాలు ఎటూ పోవు. ఎంత డబ్బు పోసినా వేగం 20 రెట్లు దాటదు. 1967లో కంప్యూటర్ ఇంజనీర్ జీన్ ఆమ్డాల్ చెప్పిన లెక్క ఇది. మరి 1988లో జాన్ గస్టాఫ్సన్ బృందం అమెరికాలోని శాండియా ల్యాబ్‌లో 1024 ప్రాసెసర్లతో వెయ్యి రెట్లకు పైగా వేగం ఎలా చూపించింది? మెషీన్‌తో పాటు లెక్కనూ పెద్దది చేశారు. వాతావరణం లెక్కలు కట్టేవాళ్లూ అదే చేస్తారు. పెద్ద కంప్యూటర్ చేతికొస్తే పాత మోడల్‌నే తొందరగా ముగించి ఇంటికెళ్లరు, మ్యాప్‌లో గళ్లను ఇంకా చిన్నవి చేస్తారు.

అపోహ: లాక్ (ఒకటి వాడుతుంటే మిగతావాటిని ఆపే తాళం) లేకపోతే థ్రెడ్లు (ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనులు) ఒకదానికొకటి అడ్డం రావు.

వాస్తవం: నన్ను రెండు రోజులు తిప్పలు పెట్టింది ఇదే. ఎనిమిది థ్రెడ్లు, దేని కౌంటర్ దానిదే, ఒక్క లాక్ కూడా లేదు. అయినా ఒకే థ్రెడ్‌తో నడిపినప్పటికంటే నెమ్మది! చూస్తే కౌంటర్లన్నీ ఒకే ఎర్రేలో పక్కపక్కనే ఉన్నాయి. ఒక్కోటి 8 బైట్లు, మొత్తం 64. మామూలు ప్రాసెసర్‌లో ఒక క్యాష్ లైన్ (కోర్ తన దగ్గరి చిన్న మెమరీలోకి ఒక్కసారిగా తెచ్చుకునే డేటా ముక్క) సైజు కూడా అంతే. ఒక కోర్ తన కౌంటర్‌ను మార్చగానే, మిగతా కోర్ల దగ్గరున్న ఆ లైన్ కాపీలు చెల్లకుండా పోతాయి. మళ్లీ తెచ్చుకోవాలి, మళ్లీ ఎదురుచూడాలి. కౌంటర్ల మధ్య ఖాళీ వదిలాను, ప్రోగ్రామ్ పరుగందుకుంది. దీన్నే ఫాల్స్ షేరింగ్ అంటారు. కోడ్ ఎంతసేపు చదివినా కంటికి కనపడదు, అదే దీనితో వచ్చిన చిక్కు.

అపోహ: మంచి హార్డ్‌వేర్ కొంటే ఫెయిల్యూర్ల టెన్షన్ ఉండదు.

వాస్తవం: మెటా సంస్థ లామా 3 అనే ఏఐ మోడల్‌ను 16,384 జీపీయూల (ఒకేసారి బోలెడు లెక్కలు చేసే చిప్‌ల) మీద ట్రైన్ చేసినప్పుడు 54 రోజుల్లో 419 సార్లు అనుకోకుండా పని ఆగింది. అంటే దాదాపు మూడు గంటలకోసారి. అందుకే మధ్యమధ్యలో చెక్‌పాయింట్ (అప్పటిదాకా అయిన పని కాపీ) తీసి పెట్టుకుంటాం, ఆగితే అక్కణ్నుంచే మొదలుపెట్టొచ్చు.

అపోహ: డేటా పెద్దదైతే క్లస్టర్ (కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపు) తప్పదు.

వాస్తవం: 2015లో మెక్‌షెర్రీ, ఐజార్డ్, మరే అనే పరిశోధకులు కలిసి, 128 కోర్ల మీద నడిచే పేరున్న గ్రాఫ్ సిస్టమ్‌లు (ఏది దేనితో ముడిపడి ఉందో చూపే డేటా మీద లెక్కలు కట్టేవి) కొన్నింటిని లాప్‌టాప్‌లో ఒకే ఒక్క థ్రెడ్‌తో ఓడించి చూపించారు. అప్పటి నుంచీ ఏ పేపర్ చేతికొచ్చినా నేను ముందు వెతికేది ఒక్క థ్రెడ్‌తో ఎంత టైమ్ పట్టిందన్న అంకె. చాలాసార్లు అది ఉండదు.